ఊయల గొలుసు ఎవరు కట్టాలె? హైదరాబాద్ పార్కుల వెనక ప్లానింగ్, పైసల లెక్క

మా కాలనీ పార్కులో ఊయలకు ఒక పక్క గొలుసు తెగి ఎనిమిది నెలలైంది. రెండో గొలుసు మీద సీటు వంకరగా వేలాడుతుంటది, చిన్నపిల్లలు దాన్నే పట్టుకుని గుండ్రంగా తిరుగుతరు, కొక్కెం రాసుకుని రాసుకుని పైన పైపు మీద పెయింట్ పోయి ఇనుము మెరుస్తున్నది. అదే పార్కు గేటు పక్కన మూడు శంకుస్థాపన రాళ్లు ఉన్నయి. ఒకటి ప్రహరీగోడది, ఒకటి వాకింగ్ ట్రాక్‌ది, ఒకటి ఓపెన్ జిమ్‌ది. మూడు సార్లు లక్షలు వచ్చినయి, గొలుసుకు మాత్రం రాలే.

కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఈ ముచ్చట వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరు ఒక్కొక్కటి అంటరు. ప్రాపర్టీ టాక్స్ కడుతున్నం కదా అని ఒకరు, ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్లను రెగ్యులరైజ్ చేసే స్కీమ్) పార్కు పేరు మీదనే లక్ష కట్టినం అది ఏమైంది అని ఇంకొకరు, ఏదన్న కంపెనీని అడిగితే సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన డబ్బు) కింద చేయించి ఇస్తరు అని మూడో ఆయన. ముగ్గురు చెప్పేదీ నిజమే, కాకపోతే ముగ్గురూ వేరే వేరే డబ్బుల గురించి మాట్లాడుతున్నరు. ఆ డబ్బులు ఎక్కడ పుడతయి, దేనికి ఖర్చు పెట్టొచ్చు, దేనికి పెట్టొద్దు అనేది విడదీసి చూస్తే తప్ప గొలుసు కథ అర్థం కాదు.

ముందు ఏ పార్కు ఎవరిదో చూద్దాం

మనకు గేటు, చెట్లు, బెంచీలు ఉంటే అన్నీ పార్కులే, కాని హైదరాబాద్‌లో పార్కులకు ఓనర్లు వేరు. ఇందిరా పార్క్ జీహెచ్ఎంసీది, అంటే సిటీ కార్పొరేషన్‌ది. సంజీవయ్య పార్క్, లుంబినీ పార్క్ నగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ చూసుకుంటది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఉద్యానవన శాఖ చేతిలో ఉంది. కేబీఆర్ పార్క్ అయితే అసలు చట్టం దృష్టిలో పార్కు కాదు, నేషనల్ పార్క్, అంటే అడవి, 1972 వన్యప్రాణుల సంరక్షణ చట్టం కిందకి వస్తది. అందుకే అక్కడ పొద్దున నడిచేవాళ్లు ఎంత మంది ఉన్నా మొదటి హక్కు నెమళ్లదే. కంటోన్మెంట్ ఏరియాకి పోతే మళ్లీ వేరే బోర్డు.

ఇవన్నీ పెద్దవి, పేరున్నవి. వాటికి డబ్బు ఎట్లనో అట్ల వస్తది, టికెట్ ఉంటది, వీఐపీలు వస్తరు, పేపర్లో ఫోటో పడ్తది. నేను చెప్పేది ఎక్కువగా రెండో రకం గురించి, లేఅవుట్ వేసినప్పుడు విడిచిపెట్టిన జాగాలో వచ్చిన కాలనీ పార్కు గురించి. ఇంటి నుంచి చెప్పులేసుకుని నడిచిపోయేది ఇదే. మూడో రకం కూడా ఒకటుంది, అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీల లోపల బిల్డర్ చూపించాల్సిన ఖాళీ జాగా, ప్లాన్ కాగితాల్లో దాన్ని టాట్ లాట్ అని రాస్తరు. అది కూడా ఊరికి పచ్చదనమే గాని బయటి పిల్లగాడు లోపలికి పోలేడు.

పది శాతం రూల్: భూమిని కొలుస్తది, మనుషుల్ని కొలవదు

లేఅవుట్ అంటే పెద్ద భూమిని ప్లాట్లుగా కోసి, రోడ్లు, డ్రైనేజీ, ఓపెన్ స్పేస్ చూపించి అనుమతి తీసుకునే ప్లాన్. అందులో మొత్తం భూమిలో 10 శాతం ఓపెన్ స్పేస్ వదలాలె అనేది మన దగ్గర పాత లెక్క. ఆ జాగాను, రోడ్లను లేఅవుట్ వేసినాయన లోకల్ బాడీకి గిఫ్ట్ డీడ్ రాసిచ్చి రిజిస్టర్ చేయాలె. ఆ రోజు నుంచి అది ఆయనది కాదు, కాలనీ అసోసియేషన్‌ది కూడా కాదు, ప్రజలది, చూసుకునే బాధ్యత మునిసిపాలిటీది.

లెక్క వేసి చూద్దాం. 10 ఎకరాల లేఅవుట్ అనుకోండి, అంటే 48,400 గజాలు. 30 శాతం రోడ్లకు పోయింది, 10 శాతం పార్కుకు, అంటే సరిగ్గా ఒక ఎకరం, 4,840 గజాలు. మిగిలిన 29,040 గజాల్లో 200 గజాల ప్లాట్లు 145 వస్తయి. ప్లాట్‌కి ఒక ఇల్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 580 మంది, ఒక్కొక్కరికి 8 గజాల పైన పార్కు జాగా. బాగానే ఉంది కదా. ఇరవై ఏళ్లు పోనీయండి. ఇండ్లు పడగొట్టి కింద పార్కింగ్, పైన మూడు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి రెండు పోర్షన్లు లేపుతరు. ఇప్పుడు ప్లాట్‌కి 6 కుటుంబాలు, మొత్తం 870 కుటుంబాలు, 3,480 మంది. పార్కు అదే ఎకరం. మనిషికి గజంన్నర కూడా రాదు, 1.39 గజాలు, అంటే ఒక మంచం పట్టేంత జాగా కూడా కాదు.

కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన పట్టణ ప్లానింగ్ మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలంటయి, మన లెక్కలో 12 నుంచి 14 గజాలు. మన ఉదాహరణ కాలనీ మొదటి రోజే దానికి తక్కువ ఉంది, ఇరవై ఏళ్లకు ఆ మార్గదర్శకాల లెక్కలో పదో వంతుకు పడిపోయింది. ఇందులో ఎవరూ కబ్జా చేయలే, ఎవరూ రూల్ తప్పలే. రూలే అట్ల ఉంది.

సరే, ఇంకో ఎకరం కొందాం అంటే? గజం 50,000 అనుకున్నా ఎకరానికి 24 కోట్ల 20 లక్షలు. ఏ వార్డు బడ్జెట్ కూడా ఒక పార్కు భూమికి అంత పెట్టదు. అందుకే హైదరాబాద్‌లో కొత్త పార్కు అంటే దాదాపు ఎప్పుడూ కొత్త భూమి కాదు, ఇదివరకే ఉన్న చెరువు గట్టు, నాలా పక్క జాగా, చెత్త పోసే స్థలం, హైటెన్షన్ లైన్ కింద ఖాళీ. కొండాపూర్‌లో 2018లో తెరిచిన డాగ్ పార్క్ అట్లాంటిదే, అంతకుముందు అక్కడ చెత్త వేసేవాళ్లు.

ఎల్ఆర్ఎస్‌లో కట్టిన 14 శాతం దేనికి?

అందరూ ఎక్కువ తికమక పడేది ఇక్కడ. అనుమతి లేకుండా వేసిన లేఅవుట్లలో చాలా చోట్ల ఆ 10 శాతం వదలలేదు, మొత్తం ప్లాట్లు కోసి అమ్మేసిన్రు. 2020 ఆగస్టులో వచ్చిన ఎల్ఆర్ఎస్ రూల్స్ ప్రకారం అట్లాంటి ప్లాట్ కొన్నవాళ్లు రెగ్యులరైజేషన్ చార్జీలు కాకుండా, లేని ఓపెన్ స్పేస్‌కు బదులు ప్లాట్ విలువలో 14 శాతం కట్టాలె. విలువ అంటే ఇవాళ్టి రేటు కాదు, రిజిస్ట్రేషన్ అయిన నాటి ప్రభుత్వ రేటు.

మీ ప్లాట్ 200 గజాలు, కొన్న రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసు రేటు గజానికి 5,000 అనుకోండి. విలువ 10 లక్షలు, అందులో 14 శాతం 1,40,000. 2025లో ప్రభుత్వం 25 శాతం రిబేట్ ఇచ్చింది, అప్పుడు కట్టినవాళ్లకు 1,05,000 పడేది. వాట్సాప్‌లో ఆయన పార్కు పేరు మీద లక్ష కట్టిన అన్నది ఈ లక్షే.

కాని ఆ డబ్బుతో ఆయన వీధిలో పార్కు రాదు, ఎందుకంటే అక్కడ జాగానే లేదు, అన్నీ ప్లాట్లే. ఈ 14 శాతం మీద రెండు వాదనలు ఉన్నయి, రెండిట్లోనూ దమ్ముంది. ఒకటి, లక్షల కుటుంబాలు తెలియక కొన్నయి, వాళ్లను ఎప్పటికీ అక్రమం అని పక్కన పెడితే వాళ్లకు బిల్డింగ్ పర్మిషన్ రాదు, బ్యాంక్ లోన్ రాదు, ఎక్కడో ఒక చోట ముడి విప్పాలె గదా. రెండోది, లాభం తిన్నది లేఅవుట్ వేసినాయన, జరిమానా కట్టేది కొన్నాయన, పైగా పార్కు లేకుండా కాలనీ వేసి తర్వాత పైసలతో సరిచేయొచ్చు అనే మాట రేపు వేసేవాళ్లకు కూడా వినపడ్తది. నాకైతే రెండో వాదనలో చివరి ముక్క ఎక్కువ భయం పెడ్తది. మధ్యతరగతి మనిషికి ఇచ్చే ఊరట వద్దని కాదు, ఆ 14 శాతం ఓపెన్ స్పేస్ కోసమే వేరే ఖాతాలో కనపడేటట్టు ఉంచి ఆ ఏరియాలోనే ఏదన్న జాగాకు వాడితే కట్టినవాళ్లకు కొంత న్యాయం జరిగినట్టు అనిపిస్తది.

కాగితం మీద పార్కు, నేల మీద షెడ్డు

10 శాతం వదిలిన చోట కూడా అది మిగిలి ఉంటదని గ్యారంటీ లేదు. గిఫ్ట్ డీడ్ రాయకుండా ఆపడం, రాసినా చుట్టూ గోడ లేకపోవడం, ముందు ఒక షెడ్డు, తర్వాత ఒక గుడి మూల, తర్వాత కమ్యూనిటీ హాల్, ఆ తర్వాత ఎవరో పాత పట్టాదారు వారసులమని డాక్యుమెంట్లతో రావడం, ఈ కథ ఉప్పల్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ కాలనీలో అడిగినా చెప్తరు.

కోర్టులు మాత్రం ఈ విషయంలో గట్టిగానే ఉన్నయి. 1991లో బెంగళూరు కేసు ఒకటి సుప్రీంకోర్టుకు పోయింది. పార్కు కోసం చూపించిన జాగాను ప్రైవేట్ ఆసుపత్రికి కేటాయిస్తే చుట్టుపక్కల ఉండేవాళ్లు కోర్టుకెక్కిన్రు, ఆసుపత్రి కూడా ప్రజలకు పనికొచ్చేదే కదా అని అవతలి వాదన. పార్కు జాగా పార్కుకే, దాన్ని అట్ల మార్చడం కుదరదని కోర్టు కాలనీవాళ్ల వైపు తీర్పిచ్చింది. ఇప్పటికీ పార్కు కేసుల్లో లాయర్లు దీన్ని చూపిస్తరు.

2024 జులైలో వచ్చిన ప్రభుత్వ సంస్థ హైడ్రా చేసే పనుల్లో ఇది కూడా ఒకటి, ఔటర్ రింగ్ రోడ్డు లోపల చెరువులు, నాలాలతో పాటు పార్కు స్థలాలు కాపాడడం. కూల్చివేతల మీద జరిగిన గొడవ అందరికీ తెలిసిందే, నోటీసు ఇవ్వకుండా పేదల ఇండ్ల మీదికి వచ్చిన్రు అనే బాధ ఒక పక్క, ఏండ్ల తరబడి పిటిషన్లు పెట్టి అలసిపోయిన కాలనీలకు గేటు మళ్లీ తెరుచుకుందనే సంతోషం ఇంకో పక్క. అంబర్‌పేట బతుకమ్మ కుంటను తవ్వి, మళ్లీ నీళ్లు నింపి 2025 సెప్టెంబర్‌లో తెరిచిన్రు. పోయిందనుకున్న జాగా కూడా తిరిగి వస్తదని అది చూపించింది. కాని విడిపించుడు ఒక పని, విడిపించినాక రోజూ నీళ్లు పెట్టుడు ఇంకో పని. ఆ రెండో పనికి డబ్బు ఎవరిస్తరు అనే దగ్గరే అసలు ముడి ఉంది.

పైసలు ఏ ఏ సంచుల నుంచి వస్తయి

మొదటిది కార్పొరేషన్ సొంత ఆదాయం, అందులో పెద్దవి ప్రాపర్టీ టాక్స్, బిల్డింగ్ పర్మిషన్ ఫీజులు. మీ ప్రాపర్టీ టాక్స్ లెక్క ఒకసారి చూడండి, అందులో లైబ్రరీ సెస్ 8 శాతం అని ఉంటది. గ్రంథాలయానికి పేరు పెట్టి వసూలు చేసే డబ్బు ఉంది. పార్కుకు అట్ల పేరు పెట్టిన డబ్బు లేదు, రోడ్డు, లైట్లు, చెత్త, జీతాలు అన్నిటితో కలిసి అదే కుండలో నుంచి తీసుకోవాలె.

దీనికి మందుగా వచ్చిందే గ్రీన్ బడ్జెట్. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలంది, 2020లో చేసిన సవరణతో అదే జీహెచ్ఎంసీకి కూడా వచ్చింది. 1,000 కోట్ల బడ్జెట్ ఉంటే 100 కోట్లు. వినడానికి చాలా పెద్ద మొత్తం. అయితే నర్సరీలు, మొక్కలు నాటుడు, డివైడర్ల మధ్య పూలచెట్లు, ట్యాంకర్ నీళ్లు అన్నీ పచ్చదనం కిందికే వస్తయి, ఊయల గొలుసు మొక్క కాదు కదా, అది వస్తదో రాదో ఫైలు రాసే ఆఫీసర్ మీద ఆధారపడి ఉంటది.

రెండోది కేంద్రం డబ్బు. 2015లో మొదలైన అమృత్ పథకంలో ప్రాజెక్ట్ మొత్తంలో 2.5 శాతం దాకా పార్కులకు పెట్టుకోవచ్చన్నరు. మిగతాది ఎక్కువ నీళ్లు, డ్రైనేజీకే. మూడోది ప్రజాప్రతినిధుల నిధులు. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, దాంతో కట్టేది నిలిచి ఉండే ఆస్తి అయ్యుండాలె, నెల నెలా వచ్చే మెయింటెనెన్స్ ఖర్చుకు వాడొద్దు. ఈ ఒక్క రూల్ గుర్తు పెట్టుకోండి, మా పార్కు గేటు దగ్గర మూడు రాళ్లు ఎందుకున్నయో దీంతో చాలా వరకు తెలుస్తది. గోడకు, ట్రాక్‌కు శంకుస్థాపన ఉంటది, కరెంటు బిల్లుకు ఉండదు.

నాలుగోది సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్ గాని, 1,000 కోట్ల టర్నోవర్ గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం పెట్టాలె. సగటు లాభం 100 కోట్లయితే 2 కోట్లు. పర్యావరణం ఆ లిస్టులో ఉంది కాబట్టి పార్కులకు, చెరువులకు పెట్టొచ్చు.

అప్పు కూడా ఒక దారే. 2018 ఫిబ్రవరిలో జీహెచ్ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల మునిసిపల్ బాండ్లు అమ్మింది, అది ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ఎస్ఆర్‌డీపీకి పోయింది. పార్కు కోసం బాండ్లు వేసుడు నేనెప్పుడూ వినలే. వాస్తవానికి ఫ్లైఓవర్ కూడా టోల్ వసూలు చేసి అప్పు తీర్చదు, అదీ మన టాక్సులోంచే తీరుతది, కాబట్టి పార్కు ఆదాయం ఇవ్వదు కాబట్టి అప్పు తేలేం అనే మాట నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ది కాదు.

కట్టుడు ఒకసారి, సాకుడు రోజూ

మళ్లీ మన ఎకరం పార్కుకు వద్దాం, అంకెలు లెక్క కోసం నేను పెట్టుకున్నవి. గోడ, ట్రాక్, బెంచీలు, లైట్లు, బోర్, ఆట సామాను, జిమ్ కలిపి 80 లక్షలు ఒకేసారి. ఇక రోజు ఖర్చు: ఇద్దరు మాలీలకు నెలకు తల 18,000 చొప్పున ఏడాదికి 4,32,000, ఒక వాచ్‌మన్‌కు 16,000 చొప్పున 1,92,000, బోర్ మోటర్, లైట్ల కరెంటు నెలకు 8,000 చొప్పున 96,000, ఎరువు, రిపేర్లు, మోటర్ వైండింగ్, పైపులు కలిపి లక్ష. మొత్తం 8,20,000. పదేళ్లకు 82 లక్షలు, అంటే పార్కు కట్టిన ఖర్చు కన్నా ఎక్కువ.

పైన చెప్పిన నాలుగు సంచుల్లో మూడు ఆ మొదటి 80 లక్షలకే పనికొస్తయి. రెండో 82 లక్షలకు నిలబడేది కార్పొరేషన్ సొంత డబ్బు ఒక్కటే. అందుకే మనకు ప్రారంభోత్సవం రోజు మెరిసే పార్కు కనపడ్తది, మూడో ఎండాకాలానికి లాన్ గోధుమ రంగులోకి తిరిగి, క్రాస్ ట్రైనర్‌కు ఒక పెడల్ ఊడి, ఫౌంటెన్ గుంటలో ఆకులు కుళ్లుతయి. మాలీ పని చేయట్లేదని తిడ్తం. మా పార్కులో మాలీ ఒక్కతే, అరవై దగ్గర పడ్డ మనిషి, రెండు పార్కులకు ఆమెనే, బోర్ మోటర్ కాలిపోయిన నెలన్నర ఆమె పక్క ఇంటి సంపు నుంచి బకెట్లతో గన్నేరు చెట్లకే పోసింది, గడ్డికి పోయలే, చెట్టు పోతే రాదమ్మా గడ్డి అయితే మళ్లొస్తది అన్నది. బడ్జెట్ తక్కువున్నప్పుడు దేన్ని బతికించాలె అనే దాని మీద అంతకన్న మంచి ప్లాన్ నేను వినలే.

అదే 8,20,000ని 870 కుటుంబాలకు పంచి చూడండి, ఏడాదికి దాదాపు 943, నెలకు 79 రూపాయలు.

మరి ఆ 79 ఎవరు పెట్టాలె?

టికెట్ పెట్టండి అనేవాళ్లున్నరు. పెద్ద పార్కుల్లో అది ఇప్పటికే ఉంది, వాకర్స్‌కు పాసులు కూడా ఉంటయి, వచ్చే డబ్బుతో టాయిలెట్లు శుభ్రంగా ఉంటయి, సెక్యూరిటీ ఉంటది. వద్దనేవాళ్ల మాట, పది రూపాయలైనా ఇద్దరు పిల్లల్ని రోజూ తీసుకొచ్చే కూలి కుటుంబానికి నెలకు ముగ్గురికి 900 అయితది, వాళ్లింట్లో బాల్కనీ కూడా ఉండదు, పార్కు అవసరం అందరికన్నా ఎక్కువ వాళ్లకే. కాలనీ పార్కు దాకా వస్తే నేను రెండో మాట వైపే.

కంపెనీలకు ఇవ్వండి అనేవాళ్లకు దుర్గం చెరువు వైపు మంచి ఉదాహరణలు ఉన్నయి. చిక్కేంటంటే కంపెనీలు ఉన్నది మాదాపూర్, గచ్చిబౌలి వైపు, వాళ్లు పైసలు పెట్టేది కూడా సహజంగా తమ ఆఫీసు కనపడే చోట. యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట, జీడిమెట్ల బస్తీ పార్కును దత్తత తీసుకునేది ఎవరు? పైగా సీఎస్ఆర్ ఏటేటా మారుతది, ఈ ఏడు పార్కు, వచ్చే ఏడు బడి.

అసోసియేషన్‌కు అప్పజెప్పండి అనేది మూడో దారి, కొన్ని కాలనీల్లో బాగా నడుస్తున్నది. గేటు తాళం అసోసియేషన్ దగ్గరుంటే పనులు తొందరగా అయితయి. కాని తాళం ఉన్నాయన మనసు బట్టి పార్కు టైమింగ్స్ మారుతయి, పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8, పోరగాళ్లు బంతి ఆడొద్దు, బయటి కాలనీ వాళ్లు రావొద్దు అని బోర్డు పడ్తది. గిఫ్ట్ డీడ్‌లో ఆ జాగా ప్రజలది అని రాసి ఉంటది, కాలనీ మెంబర్లది అని కాదు.

ఇంకో గొడవ పార్కులో ఏం పెట్టాలె అనేది. ఇందిరా పార్కులో పంచతత్వ ట్రాక్ పెట్టిన్రు, నడిచే బాటలో ఒక దగ్గర ఇసుక, ఒక దగ్గర గులకరాళ్లు, అట్ల పాదానికి ఒక్కో రకం తగిలేటట్టు. పెద్దవాళ్లు ఇష్టంగా నడుస్తరు. థీమ్ పెడితే జనం వస్తరు, జనం ఉంటే పార్కు కబ్జా కాదు, రాత్రి తాగేవాళ్లు రారు అనేది నిజమే. అయితే ఒక్కో సామాను పెట్టినప్పుడల్లా దాని కింద సిమెంటు పడ్తది, వాన నీళ్లు ఇంకే జాగా తగ్గుతది, రిపేరు ఖర్చు పెరుగుతది. ఏమీ పెట్టని మట్టి గ్రౌండ్‌కు రిపేరే ఉండదు, అక్కడ పోరగాళ్లు మూడు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుకుంటరు. పేపర్లో ఫోటోకు మాత్రం పనికిరాదు.

ఇక ఔటర్ వైపు ఘట్‌కేసర్, శంషాబాద్, తుర్కయంజాల్ దిక్కు వేసే లేఅవుట్లలో ఈ లెక్కలన్నీ ఇప్పుడు కాగితం మీద ఉన్నయి. అక్కడ పది శాతం ముక్క ఎక్కడ చూపిస్తున్నరు, ఒకే దగ్గర ఎకరమా లేక నాలుగు మూలల్లో నాలుగు సందులా అనేది ఒక్క గీతతో తేలిపోతది, ఇరవై ఏళ్ల తర్వాత ఏ 14 శాతంతోనూ దాన్ని మార్చలేం.

మా ఊయల సంగతి, పోయిన ఆదివారం అసోసియేషన్ పెద్దాయన ఒకరు రాణిగంజ్ పోయి గొలుసు, రెండు కొక్కేలు తెచ్చిన్రు. మాలీ స్టూల్ పట్టుకున్నది, ఆయన ఎక్కి బిగించిన్రు, బిగించేలోపే కింద ఏడుగురు పిల్లలు లైన్ కట్టిన్రు. 640 రూపాయల బిల్లు అసోసియేషన్ నోట్‌బుక్‌లో పిన్ను గుచ్చి ఉంది, పక్కన నల్లా రిపేరు 250, దాని కింద బోర్ స్టార్టర్ 1,800.